రంగూను స్టీమరు: ధమ్మం వచ్చిన దారి, మనవారు వెళ్ళిన దారి

హౌరా స్టేషను ఎదుట లాంచీ ఎక్కి, హుగ్లీ నదిని దాటి, బాబూ ఘాట్‌లో దిగిన వారికి రహదారి అవతల ఈడెన్ గార్డెన్స్ కనిపిస్తుంది. క్రికెట్ మైదానంగా ఆ పేరు ఎరుగని వారుండరు. మైదానాన్ని ఆనుకొని ఉన్న తోటలోకి మాత్రం వెళ్ళేవారు తక్కువ. అక్కడ ఒక కొలను ఒడ్డున, పైకి పోయినకొద్దీ సన్నబడే అంచెల కప్పులతో, చెక్కతో కట్టిన బర్మా పగోడా ఒకటి నిలిచి ఉంది. ప్రోం నగర పాలకుని ఇల్లాలు మా కిన్ 1852లో దానిని తన ఊరిలో కట్టించింది. ఆ ఏడే ఆంగ్లేయులు రెండవ బర్మా యుద్ధంలో ప్రోంను ఆక్రమించారు. గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆజ్ఞపై ఆ కట్టడాన్ని ఊడదీసి, 1854లో ఓడకెక్కించి కలకత్తాకు తెచ్చి, 1856 నాటికి ఈ తోటలో తిరిగి నిలబెట్టారు.

ఆ 1856లోనే మరొక సంఘటన జరిగింది. విలియం మెకినన్ అనే స్కాట్లండు వర్తకుడు కలకత్తా, రంగూనుల మధ్య ప్రభుత్వపు టపా మోసే ఒప్పందం సంపాదించి ‘కలకత్తా అండ్ బర్మా స్టీమ్ నావిగేషన్ కంపెనీ’ని స్థాపించాడు. 1862లో ఆ సంస్థ పేరు ‘బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ’గా మారింది. కలకత్తాలోని మెకినన్ మెకంజీ కంపెనీయే దానికి ఏజెంటుగా వ్యవహరించింది. అక్యాబు, రంగూను, మౌల్మేను రేవులకు మొదలైన ఆ స్టీమర్లు క్రమంగా మన కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవులను కూడా రంగూనుతో కలిపాయి.

ఆధునిక భారతదేశంలో బౌద్ధ పునరుజ్జీవనం గురించి వ్రాసేటప్పుడు తవ్వకాలను, గ్రంథాలను, సభలను పేర్కొంటాము. కలకత్తా, రంగూనుల నడుమ తిరిగిన ఈ పొగ ఓడను పేర్కొనము. ఆ ఓడ మీద ధమ్మాన్ని తిరిగి మోసుకువచ్చిన భిక్షువులు, పండితులు ప్రయాణించారు. మన తాతలు, ముత్తాతలు కూడా కూలీలుగా ప్రయాణించారు. మొదటివారి పేర్లు చరిత్రలో ఉన్నాయి. రెండవవారు ఓడ లెక్కల్లో అంకెలుగా మిగిలారు. అరవై, డెబ్బై సంవత్సరాలు ఒకే సముద్రం మీద ప్రయాణించిన ఈ ఇరువురూ ఒకరినొకరు ఎందుకు కలుసుకోలేదు? చివరికి ఎక్కడ కలుసుకున్నారు? ఈ వ్యాసంలో మేము విచారించదలచినది ఇదే.

పాత దారి

బంగాళాఖాతం మీద ధమ్మం ప్రయాణించడం స్టీమర్లతో మొదలు కాలేదు. కోల్‌కతాకు నైరుతి దిక్కున, రూపనారాయణ నది ఒడ్డున ఉన్న నేటి తమ్లుక్ పట్టణమే ప్రాచీన తామ్రలిప్తి. సంఘమిత్ర బోధివృక్ష శాఖతో సింహళానికి బయలుదేరిన రేవు ఇదేనని మహావంశం చెబుతుంది. క్రీ.శ. ఐదవ శతాబ్ది ఆరంభంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ ఇక్కడ రెండేళ్ళు ఉండి, సూత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాసుకున్నాడు. ఆ పట్టణంలో ఇరవైకి పైగా విహారాలున్నాయని నమోదు చేశాడు. ఇక్కడే వర్తకుల ఓడ ఎక్కి, పద్నాలుగు పగళ్ళు, పద్నాలుగు రాత్రులు ప్రయాణించి సింహళం చేరుకున్నాడు. ఏడవ శతాబ్దిలో ఇత్సింగ్ సముద్రం మీదుగా వచ్చి దిగినది కూడా ఈ రేవులోనే.

ఆంధ్ర తీరం ఈ దారికి దూరం కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల ప్రాచీన నామం కంటకసోల. టాలెమీ గ్రంథంలో ఆ రేవు ప్రస్తావన ఉంది. సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి మళ్ళే చోటు కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నట్లు టాలెమీ సూచించాడు. ఘంటసాల శాసనంలో శివకుడనే ‘మహానావికుడు’ కనిపిస్తాడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం మరింత విశాలమైన ప్రపంచాన్ని చూపిస్తుంది. సింహళ ఆచార్యులు ధమ్మానికి ప్రసన్నం చేసిన దేశాల పట్టికలో కాశ్మీరం, గాంధారం, చైనాలతో పాటు వంగదేశం కూడా ఉంది. కంటకసోల మహాచైత్యానికి ఆమె చేసిన దానం కూడా ఆ శాసనంలోనే ఉంది.

కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉన్న ఒక రాతిపలక వీటికి జతగా నిలుస్తుంది. మలయా ద్వీపకల్పంలోని కెడా ప్రాంతంలో 1834లో కెప్టెన్ జేమ్స్ లో దానిని కనుగొన్నాడు. దాని మీద స్తూపం బొమ్మ, రక్తమృత్తిక నివాసి, మహానావికుడు అయిన బుద్ధగుప్తుని పేరు ఉన్నాయి. ఆ రక్తమృత్తిక బెంగాల్‌లోని ముర్షిదాబాద్ ప్రాంతమని పండితుల అభిప్రాయం. ఘంటసాలలో ఒక మహానావికుడు, బెంగాల్‌లో ఒక మహానావికుడు. ఒకరు చైత్యం నీడలో, మరొకరు స్తూపం గుర్తుతో మనకు మిగిలారు. నావికుడు తన పేరును తానే రాతి మీద చెక్కించుకోగలిగిన కాలం అది. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. స్టీమర్ల యుగంలో ఓడ ఎక్కిన మన శ్రమజీవికి ఆ భాగ్యం లేదు.

పొగ ఓడ

కలకత్తా సముద్రతీరాన లేదు. సాగర ద్వీపం దాటి సముద్రంలోకి రావాలంటే ఓడ హుగ్లీ నదిలో నూట ముప్పై కిలోమీటర్ల వరకూ ప్రయాణించాలి. నదిలో ఇసుక మేటలు తరచూ స్థానం మారుతుంటాయి. వాటిని ఎరిగిన పైలట్ తోడు లేకుండా ఏ కెప్టెనూ ఓడను నడపలేడు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుండి రంగూను ప్రయాణికులు ఎక్కువగా ఓడ ఎక్కినది ఔట్రాం ఘాట్‌లో. నేడు అక్కడ సాయంకాలపు షికారుకు వచ్చినవారు, టీ అమ్మేవారు కనిపిస్తారు. ఆనాడు పెట్టెలు, చాపలు, నీళ్ళ కూజాలు పట్టుకున్న జనం బారులు తీరేవారు. నది దాటిన తరువాత సముద్రం. మొత్తం ప్రయాణం దాదాపు మూడు రోజులు.

ఆ ప్రయాణంలోని తరగతుల తేడా తెలియాలంటే శరత్ చంద్రుని ‘శ్రీకాంత్’ రెండవ భాగం చదవాలి. శరత్‌ను తెలుగు రచయితేనని నమ్మిన తరం మన ఇళ్ళలో ఉండేది. ఆయన 1903లో కలకత్తాలో ఓడ ఎక్కి రంగూను వెళ్ళి, 1916 వరకు అక్కడ చిన్న ఉద్యోగిగా జీవించాడు. ఓడ ఎక్కే ముందు డెక్కు ప్రయాణికులకు జరిగే ప్లేగు పరీక్షను, అందులోని అవమానాన్ని, డెక్కు మీద కిక్కిరిసిన మనుషులను, తుపానును, రంగూను చేరిన తరువాతి క్వారంటీనును ఆయన కథానాయకుని కళ్ళతో చూపించాడు. క్యాబిన్ ప్రయాణికునికి గది, పడక, భోజనం ఉండేవి. డెక్కు ప్రయాణికునికి దక్కేది చాప పరచుకునేంత చోటు మాత్రమే. ఎండ, వాన, ఎగసిపడే కెరటం అన్నిటిలోనూ అతనికి వాటా ఉండేది.

పేరున్న ప్రయాణికులు

1891 జనవరిలో సింహళ యువకుడు అనగారిక ధర్మపాల బుద్ధగయను దర్శించాడు. మహాబోధి ఆలయ దుస్థితిని చూసి చలించి, అక్కడే ఉండిపోవాలని నిశ్చయించుకున్నాడు. ఆయనకు ఆశ్రయమిచ్చినది బర్మా రాజు పంపిన బృందం కోసం అంతకు ముందే వెలసిన బర్మీయుల విశ్రాంతి గృహం. ఆ తరువాత ఆయన కలకత్తా వచ్చి, అక్కడి నుండి రంగూను వెళ్ళి, బర్మా బౌద్ధుల సహాయం అర్థించి, కొలంబో చేరుకున్నాడు. 1891 మే 31న మహాబోధి సంఘం పుట్టింది. మరుసటి ఏడు దాని కార్యస్థానం కలకత్తాకు మారింది. ‘మహాబోధి’ పత్రిక అక్కడి నుండే వెలువడింది. బుద్ధగయ బీహారులో ఉండగా సంఘం కలకత్తాలో ఎందుకు వెలసిందని మా విద్యార్థులు అడుగుతుంటారు. కొలంబో, రంగూను, అక్యాబు, చిట్టగాంగుల నుండి వచ్చే ఓడలన్నీ ఆగేది కలకత్తాలోనే. బౌద్ధ దేశాల చందాలు, గ్రంథాలు, భిక్షువులు దిగే రేవు అది. సంఘం రేవు దగ్గర వెలసింది.

ఆ రోజుల్లోనే చిట్టగాంగు ప్రాంతం నుండి వచ్చిన కృపాశరణ్ మహాథేరో కలకత్తాలో ‘బౌద్ధ ధర్మాంకుర సభ’ను 1892లో స్థాపించాడు. బెంగాల్ తూర్పు అంచున సాంప్రదాయికంగా బౌద్ధులైన బరువా సముదాయానికి ఆయన నగరంలో ఒక గూడు కట్టాడు. ధర్మానంద్ కోశాంబి సింహళం, బర్మాలలో భిక్షువుగా చదివి, కలకత్తాకు వచ్చి పాళీ బోధించాడు. ఆశుతోష్ ముఖర్జీ అండతో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాళీ అధ్యయనం వేరూనింది. చిట్టగాంగు బిడ్డ వేణీమాధవ్ బరువా ఆ విద్యకే పీఠాధిపతి అయ్యాడు.

వీరందరిలో ఒకరిని మేము ప్రత్యేకంగా తలచుకుంటాము. 1876లో అరకాన్‌లో ఒక బాలుడు జన్మించాడు. చిన్నతనంలోనే సామణేరుడై, 1890 దశకం తొలినాళ్ళలో మహాబోధి సంఘం ఆదరువుతో భారతదేశానికి వచ్చాడు. అరకాన్ నుండి కలకత్తాకు ఆ రోజుల్లో మామూలు దారి సముద్రమే. ఆ బాలుడు ఇక్కడే సంస్కృతం, హిందీ నేర్చి, కుశీనగరంలో స్థిరపడి, తన జీవితమంతా అక్కడే గడిపాడు. అరవై ఏళ్ళ తరువాత ఈ దేశ చరిత్రలో ఆయన ఏ క్షణాన నిలిచాడో పాఠకులకు తెలుసు. ఆ ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

డెక్కు మీద మనవారు

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పల్లెల్లో రంగూను పేరు ‘రంగం’. ‘రంగం వెళ్ళాడు’ అంటే అప్పు తీర్చడానికి వెళ్ళాడని, కొన్నిసార్లు కామందు చేతికి చిక్కకుండా వెళ్ళాడని అర్థం. బర్మాలో మనవారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. కాకినాడ దాపునున్న కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతిని, ఇసుక మేటలతో పూడిపోయినా, దాని పేరు మాత్రం సముద్రం దాటి ఒక జనసమూహానికి అంటుకుపోయింది. వారిలో ఎక్కువమంది మన తీరపు రేవుల నుండి నేరుగా వెళ్ళినవారు. ఖరగ్‌పూర్ రైల్వే పనులకో, టిటాగఢ్ జూటు మిల్లులకో ముందుగా బెంగాల్ చేరి, అక్కడి నుండి కలకత్తా ఓడ ఎక్కినవారూ ఉన్నారు. ఏ రేవులో ఎక్కినా, ఓడ కంపెనీ పెత్తనం కలకత్తాలోనే ఉండేది.

వారిని తీసుకుపోయేది మేస్త్రీ. ఓడ కిరాయి, ఇంటికి ఇచ్చే బయానా అతనే పెట్టుబడి పెట్టి, రంగూనులో జీతం నుండి విరుచుకునేవాడు. రేవులో బస్తాలు మోయడం, బియ్యపు మిల్లులు, కలప అడితీలు, రిక్షా లాగడం, పట్టణపు పాకీ పని వారి వంతు. 1920 దశకం చివరి నాటికి భారతదేశం నుండి రంగూనులో దిగే వారి సంఖ్య ఏటా మూడు, నాలుగు లక్షలకు చేరింది. ప్రపంచంలో ఇంతమంది వలస జనం దిగే రేవులు అరుదు. కోతలు, మిల్లుల కాలానికి వెళ్ళి, రెండు, మూడేళ్ళు ఉండి తిరిగివచ్చేవారే వారిలో అధికం.

మా చినతాత వారిలో ఒకడు. మా తాతయ్యకు స్వయానా తమ్ముడు. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు తెచ్చిన రేకు పెట్టెను మా నాయనమ్మ చివరి దాకా ‘రంగం పెట్టె’ అనే పిలిచేది. రంగంలో బంగారు గోపురం ఉందని, రాత్రివేళ కూడా అది మెరుస్తుందని, ఓడ నదిలోకి మళ్ళగానే మొదట కనబడేది అదేనని ఆయన చెప్పేవాడట. అది ష్వేడగోన్ పగోడా. తథాగతుని కేశధాతువులున్నాయని బర్మీయులు కొలిచే స్తూపం. మా చినతాత దానిని ప్రతిరోజూ చూశాడు. అది ఎవరిదో, ఆ మహానుభావుడు మనవంటి వారి గురించి ఏమి చెప్పాడో మాత్రం ఆయనకు చెప్పినవారు లేరు.

ధమ్మం వారితో ఎందుకు రాలేదు?

‘బౌద్ధ దేశంలో అన్నేళ్ళు బతికినవారు బౌద్ధులై తిరిగివచ్చి ఉంటారు’ అని మన మిత్రులు కొందరు ఆశగా అంటుంటారు. చరిత్ర విద్యార్థిగా మేము ఆ మాట అనలేము. మన తెలుగు కూలీల మధ్య అటువంటి ఉద్యమం రూపుదిద్దుకోలేదు. దానికి కారణాలు ఆలోచించాలి.

మొదటిది వారు జీవించిన తీరు. ఒక్కో గదిలో పదుల మంది వంతులవారీగా నిద్రపోయే బసలలో, మేస్త్రీ అప్పు కింద, తెల్లవారకముందే పనికి పోయే మనిషికి బర్మీయ సమాజంతో పరిచయానికి తీరిక లేదు. రెండవది బర్మీయ శ్రామికునికి మనవాడు కూలి రేటు తగ్గించే పోటీదారుగా కనిపించడం. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి తీసుకోగానే, మే 26న కలహం చెలరేగింది. వంద మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తెలుగువారు. పంచశీలలో మొదటి శీలాన్ని ప్రతి ఉదయం పఠించే నగరంలో అది జరిగింది. ఈ సంగతిని బౌద్ధులమైన మనం దాచిపెట్టరాదు. ఒక దేశానికి బౌద్ధమనే పేరుండటం వేరు, ఆ దేశపు వీధిలో ధమ్మం నడవటం వేరు. ఆ రెండు పక్షాల పేదలనూ ఒకరిపైకి ఒకరిని తోసినది రేవులోని లాభాల లెక్క అని కూడా చెప్పకపోతే అది సగం చరిత్రే అవుతుంది.

మూడవ కారణం అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ రంగూనులోనే తమిళ శ్రామికుల మధ్య బౌద్ధం వేరూనింది. పండిత అయోతీదాసు 1898లో మద్రాసులో స్థాపించిన శాక్య బౌద్ధ సంఘానికి కోలారు బంగారు గనులలోనూ, రంగూనులోనూ శాఖలు ఏర్పడ్డాయి. ఆయన ‘తమిళన్’ పత్రిక, కులం చేత అణచబడినవారు పూర్వ బౌద్ధులేనని వారి భాషలోనే వాదించింది. అదే నగరం, అదే పగోడా, అదే డెక్కు ప్రయాణం. తేడా ఒక్కటే. వారికి ధమ్మం వారి భాషలో, వారి అవమానాన్ని పేరు పెట్టి పిలుస్తూ వచ్చింది. మన చినతాతలకు అది బంగారు గోపురంగా, దూరం నుండి కనిపించింది. స్తూపం ఎంత ఎత్తైనదైనా, తన కింద నిలబడిన మనిషికి నీవు ఎవరికీ తక్కువ కావని చెప్పేవారు లేకపోతే, అతనికి అది కట్టడంగానే మిగులుతుంది.

1942

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు వేలాదిగా నగరం విడిచారు. ఓడలలో చోటు దొరికినది కొందరికే. నగరంలో పని ఆగిపోకూడదని, పనిచేయగల భారతీయ పురుషులకు డెక్కు టికెట్టు ఇవ్వరాదని ప్రభుత్వం కొంతకాలం నిషేధం కూడా పెట్టింది. క్యాబిన్ టికెట్టు కొనగలవానికి ఆ నిషేధం తగలలేదు. దశాబ్దాలుగా మనవారికి దక్కిన ఆ చాపంత చోటు కూడా, ప్రాణం మీదికి వచ్చిన వేళ మూసుకుపోయింది.

మిగిలినవారు నడిచారు. ఒక దారి అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగు వైపు. మరొకటి తమూ, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ వైపు. సుమారు ఐదు లక్షల మంది ఆ దారుల్లో, సముద్రం మీద భారతదేశానికి తరలివచ్చారని అంచనా. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలాది మంది దారిలోనే రాలిపోయారు. బతికినవారిలో ఎందరో కలకత్తా చేరి, అక్కడి సేవా సంఘాలు పెట్టిన గంజి తాగి, హౌరాలో రైలెక్కి మన తీరానికి వచ్చారు. మా చినతాత రాలేదు. హౌరా మీదుగా వచ్చే బండి దిగిన ప్రతి మనిషినీ మా తాతయ్య స్టేషనులో కొన్ని నెలల పాటు అడిగాడట. తరువాత అడగడం మానేశాడు. పెట్టె మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

భట్టిప్రోలు నుండి కలకత్తాకు

ఇప్పుడు మళ్ళీ కలకత్తాకు వస్తాము. కళాశాల చౌరస్తాలో, పుస్తకాల దుకాణాల సందడి మధ్య, ‘ధర్మరాజిక చైత్య విహారం’ ఉంది. మహాబోధి సంఘం దానిని నిర్మించింది. ధర్మపాల 1893లో షికాగో సర్వమత సభ నుండి తిరిగివస్తుండగా, హొనొలులు రేవులో ఆగిన ఓడ మీద కలుసుకున్న మేరీ ఫాస్టర్ ఆ నిర్మాణానికి విరివిగా విరాళమిచ్చింది. 1920 నవంబరులో ఆ విహారం ప్రారంభమైంది. బెంగాల్ గవర్నరు రొనాల్డ్‌షే చేతుల మీదుగా బుద్ధ ధాతువు సంఘానికి అందింది. ఊరేగింపుగా దానిని విహారానికి తెచ్చి ప్రతిష్ఠించారు.

ఆ ధాతువు ఎక్కడిది? మన భట్టిప్రోలుది. 1892లో అలెగ్జాండర్ రీ కృష్ణా డెల్టాలోని ఆ స్తూపాన్ని తవ్వినప్పుడు రాతి పేటికలు, స్ఫటిక కరండం, తొలినాటి బ్రాహ్మీ లిపిలో శాసనాలు బయటపడ్డాయి. ఆ పేటికల మీద కుబేరక రాజు పేరుతో పాటు దానం చేసిన సామాన్య జనుల పేర్లు, ఊరి గోష్ఠి సభ్యుల పేర్లు చెక్కి ఉన్నాయి. అంటే మహాబోధి సంఘం కలకత్తాకు చేరిన ఆ సంవత్సరంలోనే తెలుగు నేల తన గర్భం నుండి ధాతువును బయటపెట్టింది. రంగూను రేవులో మనవారు బస్తాలు మోస్తున్న రోజుల్లో, మన పూర్వులు పేరుపేరునా పూజించిన ధాతువు కలకత్తాలో కొలువు తీరింది. తెలుగు కూలీకి ఆ విహారం సంగతి తెలియదు. విహారంలో వందనం చేసిన పెద్దలకు తెలుగు కూలీ సంగతి తెలియదు.

ఆ ఎడబాటును తొలగించినవాడు బాబాసాహెబ్ అంబేద్కర్. 1946లో రాజ్యాంగ సభకు ఆయనను పంపినది జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరులు కూడగట్టిన బెంగాల్ మద్దతు. 1950లో బౌద్ధం భవిష్యత్తు గురించి ఆయన వ్రాసిన సుప్రసిద్ధ వ్యాసం ప్రకటితమైనది కలకత్తా ‘మహాబోధి’ పత్రికలో. 1954 డిసెంబరులో ఆయన రంగూనులో ప్రపంచ బౌద్ధ సమ్మేళనానికి హాజరయ్యాడు. ఆ నెల 25న పూనా దగ్గర దేహూ రోడ్డులో ఆయన ప్రతిష్ఠించిన బుద్ధ విగ్రహం రంగూను నుండి వచ్చినదే. ష్వేడగోన్‌ను దూరం నుండి చూసిన కోట్లాది అణగారిన ప్రజలకు, అది ఎవరిదో, ఎందుకు మనదో చెప్పినవాడు ఆయన.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్‌కు త్రిశరణ పంచశీలాలు ఇచ్చినది ఎనభై ఏళ్ళ వృద్ధ భిక్షువు, కుశీనగరానికి చెందిన చంద్రమణి మహాథేరో. ఒకనాడు అరకాన్ నుండి వచ్చిన బాలుడు ఆయనే. పేరున్న ప్రయాణికుల వరుసలో చివరివాడు, పేరులేని ప్రయాణికుల సంతానం ఎదుట ఆ రోజు నిలబడ్డాడు. అదే సముద్రం మీద వేరువేరుగా సాగిన రెండు ప్రయాణాలు కలిసిన రేవు నాగపూర్. అక్కడ సముద్రం లేదు. అయినా అదే అసలైన రేవు అని మేము భావిస్తాము.

మన కర్తవ్యం

నేడు కోల్‌కతా నుండి రంగూనుకు సాధారణ ప్రయాణికుల ఓడ లేదు. విశాఖలో ‘బర్మా క్యాంపు’ అనే పేట, 1960 దశకంలో తిరిగివచ్చిన కుటుంబాల గుర్తుగా మిగిలింది. ఉత్తరాంధ్ర పాత ఇళ్ళలో బర్మా టేకు తలుపులు, అక్కడక్కడ రేకు పెట్టెలు మిగిలాయి. ఆ తలుపుల వెనుక ఉన్న వృద్ధులతో పాటు వారు విన్న కథలు కూడా వెళ్ళిపోతున్నాయి.

భట్టిప్రోలు పేటిక మీద దాతల పేర్లు రెండు వేల సంవత్సరాలు నిలిచాయి. ఘంటసాల నావికుని పేరు నిలిచింది. కానీ ఎనభై ఏళ్ళ క్రితం కొండదారిలో రాలిపోయిన మన తాతల పేర్లు మనకు తెలియవు. ఇది మార్చగలిగినది మనమే. ఈ సంచిక చదివిన ప్రతి కుటుంబం తమ ఇంటి నుండి రంగం వెళ్ళినవారి పేరు, ఊరు, తెలిసినంత వరకు వెళ్ళిన ఏడు, తిరిగివచ్చినదీ రానిదీ ఒక కాగితం మీద వ్రాసి తమ విహారానికి అందజేయాలని మా విన్నపం. వైశాఖ పూర్ణిమ నాడు ఆ పేర్లను చదివి, వారికి పుణ్యానుమోదన చేయాలి. బతికి ఉండగా ధమ్మం వారి దగ్గరకు రాలేదు. వారి మనుమల నోట, వారి పేరుతో, ఇప్పుడైనా వస్తుంది.

ఆ పట్టికలో మొదటి కాగితం మాదే. దాని మీద మా చినతాత పేరు వ్రాసి ఉంచాము.